ఆ తల్లికి చివరి గంట గురించి ఎవరు చెబుతారు?

సంపాదకులు గారికి,

నమస్కారం.

గని ప్రమాదం వార్త పత్రికల్లో సాధారణంగా మూడు రోజులు ఉంటుంది. మొదటి రోజు మృతుల సంఖ్య, రెండో రోజు గని దగ్గర బంధువుల రోదనలు, మూడో రోజు నష్టపరిహారం ప్రకటన వస్తాయి. నాలుగో రోజు నుంచి ఆ ఊరి పేరు పేజీల్లో కనిపించదు. నాలుగో రోజు తర్వాత ఆ ఇళ్లలో ఏం జరుగుతుందో చాలా ఏళ్లు దగ్గరి నుంచి చూసినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, అపలాచియన్ కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. అక్కడ పైచదువు ముగించిన విదేశీ డాక్టర్లు స్వదేశానికి తిరిగి వెళ్లకుండా ఉండాలంటే వైద్యులు చాలని ప్రాంతంలో కొన్నేళ్లు పనిచేయాలనే వీసా నిబంధన ఒకటి ఉంది. ఆ దారిన నాలాంటి వాళ్లు చాలామంది ఆ బొగ్గు ఊళ్లకు చేరారు, వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. నేను 3 ఏళ్ల కోసమని వెళ్లి 26 ఏళ్లు ఉండిపోయాను.

ఆ ఊళ్ల అమరిక ముందు చెప్పాలి, ఎందుకంటే అక్కడి దుఃఖం ఆ అమరికలోనే చిక్కుకుని ఉంటుంది. నిటారుగా లేచిన రెండు కొండల మధ్య సన్నటి లోయ, లోయలో ఒక వాగు, వాగు వెంట ఒకే ఒక్క రోడ్డు, దాన్ని ఒరుసుకుంటూ బొగ్గు రైలు పట్టాలు, మిగిలిన కాస్త జాగాలో వరుసగా ఇళ్లు ఉంటాయి. ఇలాంటి లోయను అక్కడివాళ్లు 'హాలర్' అంటారు. ఒక హాలర్‌లో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలో, ఒకే షిఫ్టువాళ్లో, ఒకే చర్చివాళ్లో అయి ఉంటారు. గని మేనేజరూ అదే చర్చిలో రెండు వరసల ముందు కూర్చుంటాడు. గనిలో ఒక మనిషి పోతే ఆ రాత్రే లోయలోని ప్రతి ఇంటి నుంచీ వండిన గిన్నెలు ఆ ఇంటికి చేరతాయి. ఆదుకోవడంలో వాళ్లకు సాటి వచ్చేవారిని నేను చూడలేదు. అయితే ఆ ప్రమాదం ఎలా జరిగిందన్న ప్రశ్న రాగానే అదే మనుషులు నోరు విప్పరు, ఎందుకంటే మర్నాడు వాళ్లంతా అదే గనిలోకి దిగాలి.

నేను చెప్పబోయే కుటుంబంలో నలుగురు. తండ్రి 31 ఏళ్లు భూగర్భ గనుల్లో పనిచేసి, బొగ్గు ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో నా దగ్గరికి వచ్చేవాడు. దాన్ని అక్కడ బ్లాక్ లంగ్ అంటారు, నల్ల ఊపిరితిత్తుల జబ్బు. తల్లి ఒక బడి వంటశాలలో పనిచేసేది. పెద్ద కొడుకుకు 24 ఏళ్లు, చిన్నవాడు హైస్కూల్లో ఉన్నాడు. పెద్ద కొడుకు చేసేది గని పైకప్పుకు ఇనుప బోల్టులు బిగించే పని. బొగ్గు తవ్విన చోట పైనున్న రాతి పొరలు కూలకుండా పొడవాటి బోల్టులతో వాటిని ఒకదానికొకటి కుట్టినట్టు బిగిస్తారు. ఇంకా బోల్టులు పడని కప్పు అంచున నిలబడి చేసే పని కనుక అది గనిలో మహా ప్రమాదకరమైన పనుల్లో ఒకటి. అర్ధరాత్రి మొదలయ్యే షిఫ్టును అక్కడ 'హూట్ ఔల్' అంటారు, అంటే గుడ్లగూబ షిఫ్టు. ఆ షిఫ్టుకు వెళ్లిన కుర్రవాడు తెల్లవారాక ఇంటికి రాలేదు. చనిపోయింది ఒక్కడే కాబట్టి అది రాష్ట్రం దాటిన వార్త కాలేదు.

ఆ ఇంటికి కంపెనీ పంపిన వస్తువుల్లో అతని అన్నం క్యారేజీ ఉంది. అక్కడి గని కార్మికులు వాడేది గుండ్రటి అల్యూమినియం డబ్బా. దాని అడుగు అరలో తాగే నీళ్లు, పై అరలో తిండి ఉంటాయి. తల్లి దాన్ని మూత తీయకుండా వంటింటి అలమర పై అరలో పెట్టింది. లోపలి తిండి ఏమయి ఉంటుందో ఆమెకు తెలియక కాదు. కొడుకు భోజనం వేళ దాకా బతికి ఉన్నాడో లేదో ఆ డబ్బా తెరిస్తే తెలిసిపోతుందని ఆమె భయం. ఆ మాట నాతో చెప్పడానికి ఆమెకు దాదాపు ఏడాదిన్నర పట్టింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆమె నా దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు కంటి మీద కునుకు లేదని చెప్పింది, నేను నిద్రమాత్రలు రాశాను. గుండె దడ అంది, పరీక్షలు చేయించి ఏమీ లేదన్నాను. బయట ఇంకా 11 మంది కూర్చుని ఉన్నారు, వాళ్లలో సగానికి పైగా ఊపిరాడనివాళ్లు. ఏం జరిగిందమ్మా అని అడిగి మౌనంగా పది నిమిషాలు వినడం కూడా వైద్యమేనని తెలిసి కూడా ఆ పది నిమిషాలు నేనివ్వలేదు. అపలాచియాలో దుఃఖానికీ నొప్పికీ మాత్రలతో జవాబు చెప్పిన పాపం ఒక్క నాది కాదు. ఆ రాష్ట్రంలోని కెర్మిట్ అనే ఊళ్లో సుమారు 400 మంది జనం ఉంటే, అక్కడి ఒకే ఒక్క మందుల దుకాణానికి 2 ఏళ్లలో హైడ్రోకోడోన్ అనే, మత్తుకు అలవాటు చేసే నొప్పి మాత్రలు దాదాపు 90 లక్షలు చేరాయి. 6 ఏళ్లలో ఆ రాష్ట్రానికి చేరిన హైడ్రోకోడోన్, అదే రకానికి చెందిన ఆక్సికోడోన్ మాత్రలు 78 కోట్లు, అదే కాలంలో ఆ రెండు మందులు మోతాదు మించి చనిపోయినవారు 1,728 మంది. ఛార్లెస్టన్ నగరంలోని ఒక చిన్న దినపత్రిక విలేకరి ఎరిక్ ఐర్ ఈ లెక్కలు బయటపెట్టి 2017లో పులిట్జర్ పురస్కారం అందుకున్నారు. గనిలో నడుము విరిగినవాడు, కొడుకును పోగొట్టుకున్నది, పని పోయి ఇంట్లో కూర్చున్నవాడు, ఇలా ఎవరు వచ్చినా వాళ్లకు దొరికింది ఆ మాత్రే. ఆ తల్లికి నేను రాసినవి ఆ రకం మందులు కావు, కానీ ఆలోచన మాత్రం అదే. బాధను వినకుండా దాన్ని నిద్రపుచ్చాలని చూశాను.

మందు పనిచేయకపోవడానికి కారణం ఆ ఇంట్లో మరోచోట ఉంది. కొడుకును గనిలో చేర్పించింది తండ్రే, పాత పరిచయంతో ఫోర్‌మన్‌కు చెప్పి ఆ ఉద్యోగం ఇప్పించాడు. ఆమె ఆ మాట పైకి అనలేదు. ఆయనా పైకి అనలేదు. ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ నెలల తరబడి ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన వరండాలో పడక వేసుకున్నాడు; రాత్రుళ్లు తన ఆక్సిజన్ యంత్రం చప్పుడుకు ఆమె నిద్ర చెడుతుందని నాతో చెప్పాడు. చిన్న కొడుకు బడి ఎగ్గొట్టి అన్న పికప్ ట్రక్కులో ఒక్కడే తిరుగుతుండేవాడు. దర్యాప్తు నివేదిక వచ్చింది గానీ, అందులో రాతి పొరల మందమూ బోల్టుల పొడవూ నిబంధనల అంకెలూ ఉన్నాయే తప్ప ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు లేదు. వాడు వెంటనే పోయాడా, రాళ్ల కింద ఉండి పిలిచాడా అన్నదే ఆమె ప్రశ్న. జవాబు దొరకని ఇంట్లో ఎవరో ఒకరు ముద్దాయి కావాలి, బయటివాళ్లు చేతికి చిక్కరు కాబట్టి ఇంట్లోవాళ్లే ముద్దాయిలవుతారు. 26 ఏళ్లలో ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో లెక్కపెట్టుకోలేదు, కానీ ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు.

నిజం ఆలస్యమైతే ఏమవుతుందో ఆ రాష్ట్ర చరిత్రే చెబుతుంది. 1968 నవంబరు 20న ఫార్మింగ్టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. మంటలు ఆగక పది రోజులకు గనిని మూసి సీలు వేశారు. దాదాపు ఏడాది తర్వాత మళ్లీ తెరిచి ఏళ్ల తరబడి వెతికినా 19 మంది శవాలు దొరకనే లేదు. ఆ చావుల ఒత్తిడితోనే 1969లో అమెరికా బొగ్గు గనుల ఆరోగ్య, భద్రతా చట్టం వచ్చింది, నల్ల ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కూడా ఆ చట్టంతోనే మొదలైంది. దేశానికి చట్టం దక్కింది. కుటుంబాలకు మాత్రం అసలు సంగతి దక్కలేదు. గాలి పంపే ఫ్యాను ఆగిపోతే హెచ్చరించి విద్యుత్తును ఆపేయాల్సిన ఏర్పాటును పనిచేయకుండా చేశారని 1970లో ఒక ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ రాసిన మెమో 2008లో గానీ బయటికి రాలేదు. అప్పటికి ఎందరో భార్యలు, తల్లులు ఏమీ తెలియకుండానే కన్నుమూశారు.

తొందరపడి చెప్పిన అబద్ధం ఇంకా క్రూరమైనది. 2006 జనవరి 2న సేగో గనిలో పేలుడు జరిగి 13 మంది లోపల చిక్కుకున్నారు. మర్నాడు అర్ధరాత్రి వేళ 12 మంది బతికే ఉన్నారన్న కబురు చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలకు చేరింది. చర్చి గంటలు మోగాయి, జనం దేవుడి పాటలు పాడారు. దాదాపు మూడు గంటల తర్వాత అసలు సంగతి చెప్పారు: బతికింది ఒక్కడే, చనిపోయింది 12 మంది. రక్షణ బృందం రేడియోలో పంపిన మాటను పైన ఉన్నవాళ్లు తప్పుగా విన్నారు, తప్పు తెలిసిన తర్వాత కూడా సరిదిద్దడానికి గంటలు పట్టింది. ఆ తెల్లవారి ఎన్నో పెద్ద పత్రికలు 12 మంది క్షేమమన్న శీర్షికలతో ఇళ్లకు చేరాయి. సంపాదకులుగా మీరు ఆ ఉదయాన్ని ఒక్కసారి ఊహించుకోవాలని నా కోరిక. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన చట్టంలో కుటుంబాలకు సమాచారం ఇవ్వడానికే ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించాలనే నిబంధన చేర్చారు. ప్రమాద స్థలంలో అంబులెన్సు ఎంత అవసరమో కుటుంబం పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషీ అంతే అవసరమని ఒక దేశం చట్టంలో రాసుకున్న సందర్భం అది.

2010 ఏప్రిల్ 5న మాంట్‌కోల్ దగ్గర అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయినప్పుడు నేను ఆ రాష్ట్రంలోనే ఉన్నాను. అప్పటికి 40 ఏళ్లలో ఆ దేశంలో అంత పెద్ద బొగ్గు గని ప్రమాదం జరగలేదు. బొగ్గు కోసే యంత్రం పళ్లు అరిగిపోయి ఉండటం, నిప్పురవ్వలను ఆర్పాల్సిన నీటి చిమ్ములు కొన్ని లేకపోవడం, పేరుకున్న బొగ్గు ధూళి అంటుకోకుండా దానిపై సున్నపురాయి పొడి చల్లకపోవడం, గాలి ప్రవాహం చాలకపోవడం, ఇవన్నీ కలిసి చిన్నగా అంటుకున్న మీథేన్ మంటను గనంతా చుట్టేసిన ధూళి పేలుడుగా మార్చాయని దర్యాప్తులో తేలింది. తనిఖీ అధికారులు వస్తున్నారని గేటు దగ్గర నుంచి లోపలికి ముందే కబురు పంపేవారనీ, ప్రమాదకరమైన లోపాలు రాసుకునే పుస్తకం ఒకటి, అధికారులకు చూపించే పుస్తకం మరొకటి ఉండేవనీ కూడా తేలింది. ఒక ఊపిరితిత్తుల వైద్యుడిగా నన్ను కలచివేసిన పేజీ వేరే ఉంది. పోస్టుమార్టంలో ఊపిరితిత్తులను పరీక్షించడానికి వీలైన 24 మందిలో 17 మందికి నల్ల ఊపిరితిత్తుల జబ్బు లక్షణాలున్నాయి, ఆ 17 మందిలో 5 మంది గనుల్లో పదేళ్లు కూడా పనిచేయనివాళ్లు. అంటే ఆ రోజు పేలుడు జరగకపోయినా వాళ్లలో చాలామంది ఇంకొన్నేళ్లకు నా క్లినిక్ వరండాలో కూర్చోవలసినవాళ్లే.

ఆ గనిని నడిపిన మాసీ ఎనర్జీ కంపెనీ మాజీ ముఖ్య కార్యనిర్వహణాధికారి డాన్ బ్లాంకెన్‌షిప్‌ను గని భద్రతా నిబంధనలు ఉల్లంఘించడానికి కుట్ర పన్నారన్న నేరం కింద 2015 డిసెంబరులో జ్యూరీ దోషిగా తేల్చింది. 2016 ఏప్రిల్ 6న, అంటే ప్రమాదానికి ఆరేళ్లు నిండిన మర్నాడు, ఏడాది జైలు, 2.5 లక్షల డాలర్ల జరిమానా పడ్డాయి. 29 ప్రాణాలకు ఏడాదేనా అని మా ఆసుపత్రిలో నర్సులు ఏడ్చారు. ఆ శిక్ష చాలదని నేనూ అంటాను. అయినా కోర్టులో వారాల తరబడి సాగిన విచారణలో పత్రాలు చదివారు, సాక్షులు పేరు పెట్టి మాట్లాడారు, తప్పు ఇక్కడ జరిగిందని ఒక జ్యూరీ అంది. ఆ ఊళ్ల నుంచి వచ్చే నా పేషెంట్లలో కొందరి మాటతీరు ఆ తీర్పు తర్వాత మారడం నేను గమనించాను. "వాడి ఖర్మ అలా ఉంది" అనేవాళ్లు "వాణ్ని అలా చేశారు" అనడం మొదలుపెట్టారు. ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న దూరం దాటడానికి వాళ్లకు ఆరేళ్లు పట్టింది.

కుటుంబం కోలుకోవడానికి చుట్టూ ఉన్న మనుషులు చెల్లాచెదురు కాకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం. 1972 ఫిబ్రవరి 26 ఉదయం బఫెలో క్రీక్ లోయ ఎగువన బొగ్గు కడిగిన మురికి నీటిని నిలవ ఉంచిన కట్ట తెగింది. నల్లటి నీరు 13 కోట్ల గ్యాలన్లకు పైగా విరుచుకుపడి 125 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా నిరాశ్రయులయ్యారు. కట్ట యజమాని అయిన కంపెనీ అది దైవఘటన అంది. దేవుడు ఆ కట్ట మీద బుల్డోజర్ నడపడం మేమెప్పుడూ చూడలేదని లోయ ప్రజలు అనేవారని పాతవాళ్లు నాతో చెప్పారు. ప్రభుత్వం ట్రైలరు ఇళ్లయితే ఇచ్చింది గానీ, ఎవరి పక్కన ఎవరు ఉండేవారో చూడకుండా ఖాళీ ఉన్నచోట ఉన్నట్టు కేటాయించింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పక్కింట్లో ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చారు. అక్కడి బాధితులతో మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్త కై ఎరిక్సన్, మనిషి మనసుకు తగిలే గాయం వేరు, మనుషుల మధ్య అల్లికకు తగిలే గాయం వేరు అని గుర్తించారు. ఆ రెండో గాయానికి మందు రాసే కాగితం ఏ డాక్టరు దగ్గరా లేదు. ఆ వరద బాధితుల్లో 600 మందికి పైగా కలిసి వేసిన దావా 1974లో 1.35 కోట్ల డాలర్లకు రాజీ అయింది. శరీరానికి దెబ్బ తగలకపోయినా మనసుకు తగిలిన దెబ్బకు పరిహారం చెల్లించాలన్న వాదనకు ఆ దావాతో బలం చేకూరింది.

సమాధుల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ కొండల్లో కుటుంబాల శ్మశానాలు ఊళ్లో ఉండవు, ఎత్తున, శిఖరాల మీద ఉంటాయి. ఇప్పుడు ఎన్నో చోట్ల బొగ్గు కోసం కొండ నెత్తినే పేలుడు పదార్థాలతో పేల్చి తీసేస్తున్నారు, పేల్చిన మట్టీ రాళ్లూ కింది లోయల్లో పోస్తున్నారు. చుట్టూ కొండ పోయి మధ్యలో శ్మశానం ఒక్కటే గుట్టలా మిగిలిన చోట్లున్నాయి. సమాధి దగ్గరికి వెళ్లే హక్కు చట్టంలో ఉంది, కానీ వెళ్లాలంటే గని గేటు దగ్గర పేరు రాసి, తలకు హెల్మెట్ పెట్టుకుని, కంపెనీ మనిషి వెంట నడవాలి. నేను చెబుతున్న తల్లి తన కొడుకు సమాధికి పూలు పెట్టడానికి ప్రతిసారీ అలాగే వెళ్లేది. కొడుకు పెట్టుకున్నలాంటి హెల్మెట్‌తోనే అతని ముందు మోకరిల్లాల్సి వచ్చేదని ఆమె చెప్పినప్పుడు ఏం జవాబివ్వాలో నాకు తోచలేదు.

అలాంటి దుఃఖం లోపల ఎంత కాలం ఉండగలదో ఆ రాష్ట్రంలోనే ఉన్న మొనాంగా అనే ఊరి కథ చెబుతుంది. 1907 డిసెంబరు 6న అక్కడి గనుల్లో పేలుడు జరిగి, అధికారిక లెక్క ప్రకారమే 362 మంది చనిపోయారు. అమెరికా చరిత్రలో అంత ఘోరమైన గని ప్రమాదం లేదు. భర్త శవం దొరకని ఒక ఇటలీ వలస స్త్రీ రోజూ గని దగ్గరికి వెళ్లి గోనెసంచిలో బొగ్గు నింపి మోసుకొచ్చి తన ఇంటి పక్కన కుమ్మరించేదని, 29 ఏళ్ల పాటు అలా చేసిందని, ఆ కుప్ప చిన్న కొండంత అయిందని అక్కడ చెప్పుకుంటారు. ఎందుకమ్మా అని అడిగితే భర్త గుండెల మీది బరువు తగ్గించడానికి అనేదట. దాన్ని పిచ్చి అన్నవాళ్లున్నారు. నేనలా అనుకోను. చేయడానికి మరే పనీ, అడగడానికి మరే మనిషీ మిగలనప్పుడు ఆమె తనకు తానే కల్పించుకున్న వైద్యం అది.

మళ్లీ ఆ కుటుంబం దగ్గరికి వస్తాను. ప్రమాదం జరిగిన రెండో ఏడు నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం కొడుకుతో కలిసి బోల్టులు బిగించిన సహోద్యోగి వాళ్లింటికి వచ్చాడు. అప్పటికి అతను ఆ గని వదిలేసి వేరే జిల్లాలో లారీ నడుపుతున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రాలేకపోయాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ముగ్గురి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. పడింది మామూలు బండరాయి కాదు. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట బొగ్గుగా మారిన అడవిలో నిలబడి, తర్వాత రాయిగా మారిపోయిన చెట్టు మోడు అది. గని కప్పులో అలాంటివి ఉంటాయి. కింది నుంచి చూస్తే గుండ్రటి గీతలా కనబడి, పక్కలు నునుపుగా ఉండటం వల్ల ఏ చప్పుడూ లేకుండా జారి పడిపోతాయి. అక్కడివాళ్లు వాటిని 'కెటిల్‌బాటమ్' అంటారు. ముందు షిఫ్టువాళ్లు ఆ గుండ్రటి గీతను చూసి చుట్టూ రంగు వేశారట. దానికి అడ్డపట్టీ వేసి బిగించాలి, కానీ ఆ రాత్రి ఉత్పత్తి వెనకబడింది కనుక ముందు బొగ్గు కోయండి, తర్వాత చూద్దాం అన్నారట. చివరి గంటలో ఆ కుర్రవాడు తన తమ్ముడి శుక్రవారం ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి చెబుతున్నాడట, వాక్యం మధ్యలో ఆగిపోయిందట. సహోద్యోగి తన టోపీ దీపం అటు తిప్పేసరికే ప్రాణం లేదు.

"ఇన్నాళ్లూ వాడు నన్ను పిలుస్తున్నాడనుకున్నాను డాక్టరుగారూ" అని ఆమె తర్వాతి వారం నాతో అంది. అలమర పై అరలోని డబ్బాను ఆ సాయంత్రమే దించి, తెరిచి, సబ్బుతో కడిగి బోర్లించిందట. తిండి ముట్టుకోలేదు, నీళ్లు సగం తాగి ఉన్నాయట. ఆ తర్వాత ఆమె కోపం చూశాను. అంతకుముందు ఆమెలో ఎప్పుడూ కనిపించని స్పష్టమైన కోపం అది, రంగు వేసిన చోట మనిషిని నిలబెట్టినవాళ్ల మీద. భర్త మీద కాదు. ఆయన మళ్లీ లోపలి గదిలో పడుకుంటున్నాడని నాకు చెప్పింది ఆయన ఆక్సిజన్ గొట్టం పొడవు పెంచమని అడగడానికి వచ్చినప్పుడు. ఇద్దరూ నిద్రమాత్రలు లేకుండా నిద్రపోయారని చెబితే అబద్ధమవుతుంది, అది ఇంకా చాలా నెలలు పట్టింది. చిన్న కొడుకు చదువు ముగించి, నేనూ తల్లీ వద్దన్నా, గనిలోకే వెళ్లాడు. ఆ లోయలో అంత జీతమిచ్చే పని మరొకటి లేదు. రంగు వేసిన చోటు కనిపిస్తే బోల్టు పడేదాకా యంత్రం కదలనివ్వడని, అందుకు రెండుసార్లు షిఫ్టు మార్చారని తండ్రి నాతో గర్వంగా, భయంగా చెప్పాడు.

మీకు నా విన్నపం ఇది. గని ప్రమాదం గురించి రాసేటప్పుడు, అది ఏ దేశంలో జరిగినా, ఒక్కరే చనిపోయినా, దర్యాప్తు నివేదిక వచ్చే రోజు దాకా మీ విలేకరిని ఆ వార్త మీదే ఉంచండి. నివేదిక వచ్చాక అందులోని సాంకేతిక భాషను కుటుంబానికి అర్థమయ్యే మాటల్లో ప్రచురించండి. ఆ కుటుంబం అడుగుతున్న ప్రశ్నకు అందులో జవాబు లేకపోతే లేదని రాయండి. బతికి ఉన్నారన్న కబురు రెండు వైపులా సరిచూసుకోకుండా వేయకండి. తోటి కార్మికుడు మాట్లాడటానికి ముందుకు వస్తే అతని పేరు కాపాడండి, అతని ఉద్యోగం మీ చేతుల్లో ఉంటుంది. ఏడుస్తున్న తల్లి ఫొటో మొదటి రోజు వేసిన పత్రిక, ఏడాది తర్వాత ఆ ఇంటి తలుపు ఒకసారి తట్టి, ఏమైనా తెలిసిందా అమ్మా అని అడగాలి. మా ఊరి చిన్న వారపత్రిక ఆ పని చేసింది. అందులో వచ్చిన ఏడాది నాటి వ్యాసం చదివే ఆ సహోద్యోగికి ఇంటికి రావాలని అనిపించిందని తర్వాత తెలిసింది.

ఈ ఉత్తరం ఆ కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వాళ్ల పేర్లు, ఊరు, గని పేరు రాయవద్దన్నారు, నేనూ రాయలేదు. తండ్రి ఇప్పుడు లేడు. తల్లితో ఫోనులో మాట్లాడి, మా భాషలో ఒక పత్రికకు రాస్తున్నానని చెప్పినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది. నివేదికలో "రాయి పడింది" అని ఉంది, మీరు మాత్రం చెట్టు అని రాయండి అంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్యుడు
(పేరు ప్రచురించవద్దని మనవి)